గోవా క్యాసినోలో 20 వేలు దాటకుండా ఆడటం సాధ్యమేనా?

స్నేహితులతో గోవా వెళ్తున్నామని, పణజిలో మాండవి నది మీద ఉండే క్యాసినో ఓడలో ఒక రాత్రి ఆడేందుకు మనిషికి 20 వేల రూపాయలు అనుకున్నామని, అంతకు మించి పోగొట్టుకోకుండా ఉండే పద్ధతి ఏదైనా ఉంటే చెప్పమని అడిగారు. పద్ధతి ఉంది, కానీ దాన్ని ఓడ ఎక్కకముందే పాటించాలి. కార్డులన్నీ హోటల్ గదిలో వదిలేసి, ఫోన్‌ను ఆట మీద ఆసక్తి లేని మనిషి చేతికిచ్చి, 20 వేలు నగదుగా జేబులో పెట్టుకుని వెళ్లండి. ‘ఇంత పోతే లేచి వచ్చేస్తాను’ అని మనసులో అనుకోవడాన్ని నేను బడ్జెట్‌గా లెక్కవేయను, ఎందుకంటే ఆ గీత గీసిన మనిషే అర్ధరాత్రి దాన్ని చెరిపే మనిషి కూడా.

మా బావగారు వృత్తిరీత్యా లెక్కలు చూసేవారు, ఇంట్లో కూరగాయల ఖర్చు కూడా పుస్తకంలో రాసుకుంటారు. కుటుంబమంతా కలిసి వెళ్లినప్పుడు ఆయన కూడా సరిగ్గా 20 వేలతోనే రూలెట్ (తిరిగే చక్రంలో బంతి ఏ అంకె, ఏ రంగు గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట) బల్ల దగ్గర నిలబడి, ఎరుపు మీద 500 పెట్టడం, పోతే వెయ్యి, మళ్లీ పోతే రెండు వేలు, ఇలా గెలిచేదాకా రెట్టింపు చేస్తూ పోవడం, గెలవగానే తిరిగి 500కు దిగిరావడం అనే పద్ధతి మొదలుపెట్టారు. మొదట్లో అది ఎంత చక్కగా నడిచిందంటే, ఆయన ముందున్న చిప్స్ (డబ్బుకు బదులుగా పందెం కాసే బిళ్లలు) విలువ 24,500కు చేరింది, పక్కన నిలబడ్డ తెలుగు కుర్రాళ్లు ఇద్దరు ఆయన్ను చూసి ఎరుపు మీదే పెట్టడం మొదలుపెట్టారు. (మన రెండు రాష్ట్రాల్లోనూ 1974 నాటి గేమింగ్ చట్టం ఇలాంటి ఆటలను నిషేధిస్తుంది కాబట్టి, అక్కడి బల్లల దగ్గర తెలుగు బాగానే వినిపిస్తుంది.) ఆ తర్వాత నలుపు వచ్చింది. మళ్లీ నలుపు, ఇంకోసారి నలుపు, తర్వాత సున్నా, ఆ పైన మళ్లీ నలుపు. అయిదు పందేల్లో 15,500 పోయింది, ఆరో పందేనికి 16 వేలు కావలసి ఉండగా చేతిలో తొమ్మిది వేలే మిగిలాయి.

ఆయన నేరుగా మా అక్క కూర్చున్న చోటికి వెళ్లి కార్డు ఇమ్మన్నారు. “గదిలో ఉండిపోయిందండీ” అంది అక్క, ఐస్‌క్రీం కప్పులోంచి తల ఎత్తకుండానే. కార్డు ఆమె ఒళ్లో ఉన్న హ్యాండ్‌బ్యాగులోనే ఉందని నాకు తెలుసు, అయినా నేను నోరు మెదపలేదు. ఆయన తిరిగి వచ్చేసరికి బల్ల పక్కనున్న తెర మీద ఎర్రని 19 వెలుగుతోంది. ‘ఆ కార్డు ఉండి ఉంటేనా’ అని ఆయన ఇప్పటికీ అంటారు.

సరే, కార్డు ఉండి, ఆ 16 వేలు పెట్టి గెలిచారనే అనుకుందాం. అంతకు ముందు పోయిన 15,500 తీసేస్తే మిగిలేది 500. ఓడి ఉంటే మొత్తం 31,500 పోయేవి. ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గడులుంటే ఎర్రవి 18 మాత్రమే, కాబట్టి వరుసగా ఆరుసార్లు ఓడే అవకాశం సుమారు 55లో ఒకటి, రాత్రంతా ఆడేవారికి అది అరుదైన సంగతేమీ కాదు. పైగా ప్రతి బల్లకూ గరిష్ఠ పందెం ఒకటి రాసి ఉంటుంది, జేబు నిండుగా ఉన్నా రెట్టింపు అక్కడితో ఆగిపోతుంది. ఈ పద్ధతిని వీడియోల్లో ‘నష్టం లేని ఉపాయం’గా బోధించేవారి మీద నాకున్న కోపం ఇక్కడ రాస్తే బాగుండదు.

బడ్జెట్‌ను కరిగించేది దురదృష్టం కన్నా వేగమని నా గట్టి నమ్మకం. ఒకే సున్నా ఉన్న చక్రం మీద ఇంటి వాటా, అంటే పందేల మొత్తంలో సగటున క్యాసినోకు మిగిలేది, 2.7 శాతం. పందేనికి 500 చొప్పున గంటకు 40 సార్లు పెడితే 20 వేలూ ఒకసారి బల్ల మీద తిరిగినట్టే, సగటున పోయేది దాదాపు 540. రెండు సున్నాలున్న చక్రమైతే అదే గంటకు వెయ్యి దాటుతుంది. బకరా (baccarat) అనే పేకాటలో ‘బ్యాంకర్’ వైపు గెలుస్తుందని పెడితే ఇంటి వాటా దాదాపు ఒక శాతమే, ‘టై’ మీద, అంటే రెండు వైపులూ సమానమవుతాయని పెడితే 14 శాతం పైమాటే. అందుకే జనం కిక్కిరిసి, ఆట నత్తనడక నడిచే బల్లే నాకు ఇష్టం. కనీస పందెం 400 దాటిన బల్ల దగ్గర 20 వేలతో కూర్చోవద్దని నా సలహా.

పన్ను సంగతి చాలామంది పట్టించుకోరు. చిప్స్ కొనేటప్పుడు చెల్లించే మొత్తం మీద 2023 అక్టోబర్ నుంచి 28 శాతం, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం జీఎస్‌టీ ఉంది, వాడని చిప్స్ తిరిగి ఇచ్చినా ఆ పన్ను లెక్క తగ్గదు. దాన్ని ఎవరు భరిస్తున్నారో కౌంటర్ దగ్గర ముందే అడిగి, 20 వేలకూ ఒకేసారి కొనకుండా నాలుగైదు వేల చొప్పున కొనండి. ప్రవేశ టికెట్‌తో పాటు ఇచ్చే చిప్స్‌లో ఆడటానికే తప్ప నగదుగా మార్చుకోవడానికి చెల్లనివి ఉంటాయి, వాటిని చూసి బడ్జెట్ పెరిగిందని మురిసిపోవద్దు. గెలిచిన డబ్బును ‘వాళ్ల డబ్బే కదా’ అంటూ మళ్లీ పందెం కాయడం నాకు అసలు మింగుడుపడదు. గెలిచిన మరుక్షణం అది మీ డబ్బు, వేరే జేబులో వేసుకోండి.

మీ బృందంలో ఆట మీద ఆసక్తి లేనివారు ఒక్కరూ లేకపోతే ఫోన్లు కూడా గది లాకర్‌లోనే పెట్టేసి, తిరుగు టాక్సీకి సరిపడా నగదును 20 వేలతో కలపకుండా విడిగా ఉంచుకోండి.