మేతభూమిలో అడవి గుర్రాల సంఖ్య పెరుగుతోంది – పర్మిట్ ఉన్న రైతు ఏం చేయవచ్చు?

ప్రశ్న: మేము అమెరికాలోని నెవాడా రాష్ట్రం, ఎల్కో కౌంటీలో మాంసపు పశువులను పెంచుతున్నాం. సొంత భూమికి ఆనుకుని ఉన్న ప్రభుత్వ భూమిలో మేపుకోవడానికి బీఎల్ఎం (ప్రభుత్వ భూములను చూసే బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్) పర్మిట్ ఉంది. ఆ భూమిలో కొంత భాగం అడవి గుర్రాలకు కేటాయించిన ప్రాంతంలోకి వస్తుంది. ఏటికేడు గుర్రాలు ఎక్కువై, ఉన్న ఒక్క ఊటనూ తొక్కి బురద చేస్తున్నాయి. మా సొంత గడ్డి చేలోకి కూడా దిగుతున్నాయి. మేత తగ్గిందని ఈ ఏడాది మా పశువుల సంఖ్యను తగ్గించుకోమన్నారు. గుర్రాలను మేమే తోలివేయవచ్చా? వాటికి పిల్లలు పుట్టకుండా టీకా ఉందంటున్నారు, అది వేయించవచ్చా? మా అబ్బాయి మాత్రం ఒక గుర్రాన్ని తెచ్చి పెంచుకుందామంటున్నాడు. సలహా ఇవ్వగలరు. – ఒక రైతు, ఎల్కో

జవాబు: మొదటి ప్రశ్నకు ముందుగా సమాధానం చెబుతాను, ఎందుకంటే అందులో పొరబడితే నష్టం మేతతో ఆగదు. చేలో పడిన పశువును బందెలదొడ్డికి తోలడం మన ఊళ్ళలో అలవాటే కానీ, ఇక్కడి అడవి గుర్రాల విషయంలో ఆ పని నేరమవుతుంది. 1971 డిసెంబరులో అమలులోకి వచ్చిన అడవి గుర్రాలు, గాడిదల రక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ భూముల్లో తిరిగే గుర్రాన్ని పట్టుకోవడం, చంపడం, బెదిరించి తరమడం నిషిద్ధం. ఆ చట్టంలో 2,000 డాలర్ల వరకు జరిమానా, ఏడాది వరకు జైలుశిక్ష పేర్కొన్నారు. మీ సొంత గడ్డి చేలోకి గుర్రాలు దిగినప్పుడు బీఎల్ఎం కార్యాలయానికి రాతపూర్వకంగా తెలియజేస్తే, వాటిని అక్కడి నుంచి తొలగించే ఏర్పాటు చేయవలసిన బాధ్యతను అదే చట్టం ప్రభుత్వంపై ఉంచింది. ఫోనులో చెప్పి ఊరుకోకండి. తేదీ, గుర్రాల సంఖ్య, ఫొటోలు జతచేసి పంపి, ఒక ప్రతిని మీ దగ్గర ఉంచుకోండి. ఈ చట్టం చేసే అధికారం అమెరికా కాంగ్రెస్‌కు లేదని న్యూమెక్సికో రాష్ట్రం ఒకప్పుడు వాదించింది. ఒక పశుపోషకుడి ఫిర్యాదుపై ప్రభుత్వ భూమిలోని 19 గాడిదలను పట్టి వేలం వేసింది కూడా. 1976లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, చట్టాన్ని సమర్థించింది.

గుర్రం మేత తీరు ఆవు మేత తీరుకు భిన్నమని మీరు గమనించే ఉంటారు. ఆవుకు పైదవడలో ముందరి పళ్ళు ఉండవు కాబట్టి అది గడ్డిని నాలుకతో చుట్టి తెంపుతుంది. గుర్రానికి పైనా కిందా పళ్ళు ఉండడం వల్ల నేలకు బాగా దగ్గరగా కొరకగలదు. ఆవు నెమరు వేస్తుంది, కాబట్టి ముదురు మేత కడుపులో ఎక్కువసేపు నిలిచి, తినగలిగే మోతాదు దానంతటదే తగ్గుతుంది. గుర్రంలో పీచు పులిసేది పెద్దపేగులో కనుక మేత త్వరగా దాటిపోతుంది, అందువల్ల నాసిరకం ఎండుగడ్డి మాత్రమే దొరికినా ఎక్కువగా తిని నెట్టుకురాగలుగుతుంది. 450 కిలోల గుర్రం రోజుకు సుమారు 9 నుంచి 11 కిలోల ఎండుమేత తింటుంది. అయితే ఈ తేడాలన్నిటికంటే పెద్దది కాలానికి సంబంధించినది. మీ ఆవులు పర్మిట్‌లో రాసిన తేదీకి దిగి, రాసిన తేదీకి బయటికి వస్తాయి. గుర్రాలు పన్నెండు నెలలూ అక్కడే ఉంటాయి. వసంతంలో గడ్డి దుబ్బు వేళ్ళలో దాచుకున్న శక్తితో మొలక వేసే రోజుల్లోనే ఏటా మేపు పడితే, బ్లూబంచ్ వీట్‌గ్రాస్, ఇండియన్ రైస్‌గ్రాస్ వంటి బహువార్షిక గడ్లు క్రమంగా చచ్చిపోతాయి. ఖాళీ అయిన చోటును చీట్‌గ్రాస్ అనే పరదేశపు ఏకవార్షిక గడ్డి ఆక్రమిస్తుంది. అది వేసవి మొదట్లోనే ఎండి నిప్పును ఎగదోస్తుంది, మంట తర్వాత మరింత దట్టంగా మొలుస్తుంది, సేజ్‌బ్రష్ అనే పొద మాత్రం తిరిగి రావడానికి దశాబ్దాలు పడుతుంది. అమెరికాలోకెల్లా అతి తక్కువ వాన పడే రాష్ట్రంలో ఇలా చెడిన నేల గుర్రాలను తీసివేసినంత మాత్రాన కోలుకోదు. అందువల్ల ఈ సమస్యను వాయిదా వేయడం గుర్రానికీ ఆవుకీ, ఆ పొదలనే నమ్ముకుని బతికే సేజ్‌గ్రౌస్ పక్షికీ ఒకే విధంగా కీడు చేస్తుందని నా దృఢాభిప్రాయం.

ఇక సంఖ్య విషయం. చట్టం వచ్చిన 1971లో పడమటి రాష్ట్రాలన్నిటిలో కలిపి గుర్రాలు, గాడిదలు 25 వేల పైచిలుకు ఉన్నట్లు అంచనా వేశారు. ప్రస్తుతం పది రాష్ట్రాల్లో వాటికి కేటాయించిన ప్రాంతాలు సుమారు 175; నేల మోయగలదని బీఎల్ఎం నిర్ణయించిన సంఖ్య మొత్తం మీద దాదాపు 26 వేలు. కానీ 2020 మార్చిలో అవి 95 వేలు దాటాయి, 2022లో ఒక్క ఏడాదే 20 వేలకు పైగా తీసివేసిన తర్వాత కూడా 2025 నాటికి 73 వేల దగ్గర ఉన్నాయి, వాటిలో సగం మీ నెవాడాలోనే. మంద ఏటా 15 నుంచి 20 శాతం పెరుగుతుంది. ఇరవై శాతం చొప్పున లెక్క వేసి చూడండి: ఇవాళ వంద గుర్రాలుంటే నాలుగేళ్ళకు రెండు వందలు, ఎనిమిదేళ్ళకు నాలుగు వందలు దాటుతాయి. హెలికాప్టరుతో తోలి దొడ్లలో పట్టి కొన్నిటిని తీసివేస్తే, మిగిలిన వాటికి మేత పుష్కలంగా దొరికి ఈతలు బాగా నిలుస్తాయి, మంద మళ్ళీ అదే వేగంతో పెరుగుతుంది. ఈ సంగతిని అమెరికా జాతీయ పరిశోధన మండలి 2013 నివేదికలో స్పష్టంగా చెప్పింది. తీసివేసిన గుర్రాలు పోయేది ప్రభుత్వ దొడ్లకు, కౌలు పచ్చికలకు. అక్కడ 60 వేలకు పైగా పోగుపడ్డాయి, అడవి గుర్రాల కార్యక్రమానికి ఏటా అయ్యే ఖర్చులో సగానికి మించి వాటి పోషణకే పోతోంది. అందువల్లే సంతాన నియంత్రణకు సొమ్ము మిగలడం లేదు. ఆరోగ్యంగా ఉన్న వాటిని చంపివేయడమో మాంసానికి అమ్మడమో ఒక్కటే మార్గమని మీ చుట్టుపక్కల పశుపోషకులు కొందరు అంటూ ఉండవచ్చు. అమెరికా కాంగ్రెస్ నిధులిచ్చే చట్టాల్లోనే ఏటా దాన్ని నిషేధిస్తూ వస్తోంది, ప్రజల్లో అత్యధికులు దాన్ని అంగీకరించరు, నేనూ అంగీకరించను. జరగని పని కోసం ఎదురుచూస్తూ పోతే చెడేది మీ నేలే.

టీకా సంగతికి వస్తే, పీజెడ్‌పీ అనే మందును పంది అండాశయాల నుంచి తీస్తారు. అది ఎక్కించిన ఆడగుర్రం శరీరంలో తయారయ్యే యాంటీబాడీలు అండం పైపొరకు అతుక్కుని వీర్యకణాన్ని చేరనివ్వవు కాబట్టి చూలు కట్టదు. ఎద, మంద కట్టుబాట్లు చాలావరకు మామూలుగానే సాగుతాయి. మొదటి మోతాదు తర్వాత కొద్ది వారాలకు రెండోది, ఆ తర్వాత ఏటేటా ఒకటి ఇవ్వాలి. గోనాకాన్ అనే మరో టీకా హార్మోను స్థాయిలోనే అడ్డుపడుతుంది. రెండో మోతాదు పడితే కొన్నేళ్ళ పాటు పనిచేస్తుంది. వ్యోమింగ్‌లోని మెకల్లా పీక్స్, మోంటానా సరిహద్దులోని ప్రయర్ కొండలు, కొలరాడోలోని లిటిల్ బుక్ క్లిఫ్స్ వంటి చోట్ల తుపాకీతో డార్టు (మందు నింపిన సూది) వేసి ఈ పని చేస్తున్నారు. ఆ మందలు చిన్నవి, ప్రతి ఆడగుర్రాన్నీ మచ్చల గుర్తులతో సహా పోల్చుకోగలిగిన వాళ్ళు అక్కడ ఉన్నారు. మీ ప్రాంతంలో మనిషిని మైలు దూరంలో చూసి పరుగెత్తే మందలకు డార్టు దగ్గరికి చేరదు. మేత, నీరు ఎరగా పెట్టి దొడ్లోకి రప్పించి టీకా వేసి వదలడమే మార్గం. అప్పటికే మంద పరిమితికి మూడింతలు ఉంటే టీకా మాత్రమే చాలదు, ముందు సంఖ్యను దించి, దించిన వెంటనే మిగిలిన ఆడగుర్రాల్లో అధిక భాగానికి టీకా వేయాలి. ఈ రెండూ వెంట వెంటనే జరగాలని పట్టుబట్టడమే మీరు చేయగలిగిన అతి ముఖ్యమైన పని. టీకాను మీరు స్వయంగా కొనడానికి గాని వేయడానికి గాని వీలు లేదు; శిక్షణ పొంది అనుమతి ఉన్నవారే బీఎల్ఎం ఆమోదంతో వేస్తారు.

ఒక మాట మీకు నచ్చకపోవచ్చు. గుర్రాల పక్షం వహించేవారు అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది. బీఎల్ఎం పశువులకు మేత పర్మిట్లు ఇచ్చే భూమి 15.5 కోట్ల ఎకరాలు. గుర్రాలకు కేటాయించినది రెండున్నర కోట్ల ఎకరాలకు కొంచెం పైన. ఒక ఆవు, దాని దూడ నెల రోజులు మేసే మేతను ఒక ఏయూఎం అంటారు కదా, దానికి 2019 నుంచి 2025 వరకు రుసుము కనిష్ఠ స్థాయి అయిన 1.35 డాలర్లే. మీ కేటాయింపు భూమిలో నష్టం ఎవరివల్ల ఎంత జరిగిందో విడదీసి చూపకుండా గుర్రాలనే తప్పుపడితే ఆ వాదన ఏ కోర్టులోనూ నిలవదు. అందువల్ల మీ ఆవులు దిగక ముందు, బయటికి వచ్చిన తర్వాత, మళ్ళీ శీతాకాలం చివర ఒకే చోట నిలబడి ఒకే దిక్కున ఫొటోలు తీయండి. బీఎల్ఎం మేతభూముల అధికారిని అడిగి, ఒకటి రెండు చోట్ల ఏ జంతువూ మేయకుండా ఇనుప వల పంజరాలు పెట్టించండి. పంజరం లోపలి గడ్డికీ బయటి గడ్డికీ తేడాయే మేపు ఎంత జరిగిందో చెబుతుంది. ఆవులు లేని నెలల్లో కనిపించే తేడా గుర్రాలదీ వన్యమృగాలదీ, ఉన్న నెలల్లో కనిపించే దానిలో మీ వాటా ఉంటుంది. పశువుల సంఖ్య ఎంత తగ్గించాలన్నది ఈ లెక్కల ఆధారంగా మాట్లాడుకోవచ్చు.

ఊట ప్రభుత్వ భూమిలో ఉంటే కంచె వేయడానికి అనుమతి తప్పనిసరి. ముళ్ళకంచె వద్దు, గుర్రాలు రాత్రిపూట వచ్చి చిక్కుకుంటాయి. దుంగలతో గాని ఇనుప గొట్టాలతో గాని ఊట కన్ను చుట్టూ కంచె వేసి, నీటిని గొట్టం ద్వారా కొంత దూరంలోని తొట్టెలోకి మళ్ళిస్తే బురద తగ్గుతుంది, జింకలకూ పక్షులకూ నీరు దక్కుతుంది. ఉప్పుదిమ్మలను నీటికి కనీసం పావు మైలు ఎడంగా ఉంచండి.

మీ అబ్బాయి కోరిక తీర్చవచ్చు. బీఎల్ఎం దత్తతకు ఇచ్చే గుర్రానికి మెడ ఎడమ పక్కన చలిముద్ర (బాగా చల్లబరిచిన ఇనుముతో వేసే గుర్తు) ఉంటుంది. ఒక్కో గుర్రానికి కనీసం 400 చదరపు అడుగుల దొడ్డి, మచ్చికకాని పెద్ద గుర్రమైతే ఆరడుగుల కంచె, తలదాచుకునే నీడ ఉండాలి. ఏడాది పాటు సరిగా చూసుకున్నారని నిర్ధారణ అయిన తర్వాతే యాజమాన్య పత్రం ఇస్తారు. ఇదే మొదటి గుర్రమైతే, మనిషి చేతికి కొంత అలవాటు చేసి ఇచ్చే వాటినే ఎంచుకోండి. దత్తత కాగితాలు లేకుండా మీ చేలోకి వచ్చిన గుర్రాన్ని ఎంత మచ్చికగా కనిపించినా దొడ్లో కట్టకండి.