జైలు నుంచి వచ్చిన తమ్ముణ్ణి నమ్మొచ్చా?

ప్రశ్న: దొంగతనం కేసులో శిక్ష పూర్తి చేసుకుని మా తమ్ముడు ఇంటికొచ్చాడు. ఇకపై బుద్ధిగా ఉంటానంటాడు. కానీ జరిగినదాని గురించి అడిగితే 'అప్పటి సావాసాలు అలాంటివక్కా, నేను నిజంగా అలాంటివాణ్ణి కాదు' అంటాడు. తప్పు పూర్తిగా తనదని ఒప్పుకోనివాడు మారతాడా?

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది. కానీ మీరు భయపడుతున్న ఆ మాట అంత చెడ్డ గుర్తేం కాదు. షాడ్ మరూనా అనే పరిశోధకుడు ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో, నేరాలు మానేసినవాళ్లతోనూ మానలేకపోయినవాళ్లతోనూ వాళ్ల జీవితకథలు చెప్పించుకున్నాడు. ఆ పరిశోధన 2001లో అచ్చయింది. ఇద్దరి కష్టాలూ దాదాపు ఒకటే. మానలేనివాళ్లు 'నా రాత ఇంతే' అన్నట్టు మాట్లాడారు. మానేసినవాళ్లేమో గతానికి పరిస్థితుల్నే తప్పుపట్టారు, అచ్చం మీ తమ్ముడిలాగే, కాకపోతే రేపటి విషయానికొచ్చేసరికి అది తమ చేతుల్లోనే ఉందని గట్టిగా నమ్మారు. 'నేను పుట్టు దొంగని' అనుకునేవాడు మారాలని మాత్రం ఎందుకనుకుంటాడు చెప్పండి?

అందుకని నిన్నటి సంగతి తవ్వడం ఆపి, రేపటి సంగతి అడగండి. పాత స్నేహితుడు ఫోన్ చేస్తే ఏం చేస్తావు? 'రానని చెప్పేస్తా, ఆ టైముకి పనిలో ఉంటాగా' అన్నాడంటే తనలో ఒక ఆలోచన నడుస్తున్నట్టే. 'ఏమో, చూద్దాం' అంటే కాస్త కనిపెట్టుకుని ఉండండి. నష్టపోయినవాళ్ల ఊసే ఎత్తకపోతే మాత్రం, అది సావాసాల మీద నెట్టేయడం కన్నా పెద్ద విషయం, తేలిగ్గా తీసుకోవద్దు.

పని చాలా ముఖ్యం. చిన్నప్పుడే నేరాల్లో పడ్డ, అమెరికాలోని బోస్టన్ మగపిల్లల జీవితాల్ని 70 ఏళ్ల వయసుదాకా పరిశీలించిన శాంప్సన్, లాబ్ అనే పరిశోధకులకు నిలకడైన ఉద్యోగం, మంచి దాంపత్యం చాలామందిని దారి మళ్లించినట్టు కనిపించింది. అయితే అవకాశం ఎదురొచ్చినా అందుకునే మనసుండాలి, అది బలవంతంగా రాదు.

ఇక ఇంట్లో సంగతి. తను గదిలోకి రాగానే మీరు బీరువా తాళం తడుముకుంటే అది తన కంట పడకుండా ఉండదు. అలాగని పర్సు బల్ల మీద వదిలేసి పరీక్ష పెట్టడమూ వద్దు, దానికంటే అనుమానమే నయం. పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడంలాంటి పని అప్పగించి, సరిగ్గా చేసినప్పుడు ఆ మాట నలుగురిలో అనండి. తాగుడో, మత్తుమందో ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.