ఫాంటేలు ద్రోహులా?
(పాఠకుల ప్రశ్నలు – చరిత్ర మాస్టారి జవాబులు)

ప్రశ్న: మా తమ్ముడు ఘనా దేశంలో టేమా పోర్టులో పనిచేస్తున్నాడు. సెలవు రోజున కేప్ కోస్ట్ కోట చూసొచ్చి ఫోన్‌లో ఒక సంగతి చెప్పాడు. సముద్రం ఒడ్డున ఉండే ఫాంటే వాళ్లు తెల్లవాళ్లతో చేతులు కలిపి, లోపలి అడవి సీమలోని అషాంటీ రాజు మీద యుద్ధాలు చేశారట. పరాయివాళ్లతో కలిసి సాటి ఆఫ్రికా వాళ్ల మీదికి పోవడం ద్రోహం కాదా మాస్టారూ?
– ఒక పాఠకురాలు, కొత్తపట్నం

జవాబు: కాదమ్మా. కావలిలో పాఠాలు చెప్పిన రోజుల్లో కూడా పిల్లలు ఇట్లాంటి చోట ద్రోహం అంటే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. 1757లో ఇంగ్లీషు సైన్యం మన నెల్లూరు కోట మీదికి వచ్చింది. పంపించింది ఎవరు? ఆర్కాటు నవాబు మహమ్మదలీ. ఎవరి మీదికి? సొంత తమ్ముడు నజీబుల్లా మీదికి. అన్నదమ్ములిద్దరిలో ఎవరూ దాన్ని భారతదేశానికి సంబంధించిన విషయం అనుకోలేదు. ఆ ఊహే అప్పటికి లేదు. ఫాంటేలు, అషాంటీలు కూడా అంతే. ఇద్దరూ అకాన్ జాతి వాళ్లే, ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది. కానీ ఎవరి రాజ్యం వాళ్లది, ఎవరి లెక్కలు వాళ్లవి.

అషాంటీలది కుమాసీ రాజధానిగా, ఒక్క రాజు కింద బిగువుగా నడిచే రాజ్యం. ఫాంటేలకు అట్లాంటి ఒక్క రాజు లేడు. ఊరూరికీ ఒక పెద్ద, ఊరి మగవాళ్లతో 'అసాఫో' అనే పోరాట దళాలు, పెద్ద ఆపద వస్తే అందరూ కలవడం. అషాంటీల దగ్గర బంగారం ఉంది, యుద్ధాల్లో పట్టుకొచ్చిన మనుషులున్నారు. వాళ్లకు కావలసిన తుపాకులు, మందుగుండు, బట్టలు ఓడల్లో వస్తాయి. ఆ ఓడలకూ వాళ్లకూ మధ్య ఫాంటేలు నిలబడ్డారు. అషాంటీ వర్తకుణ్ణి నేరుగా ఓడ దాకా పోనిచ్చేవాళ్లు కాదు, సరుకు తమ చేతుల మీదుగానే పోవాలి. కోటలు కట్టుకున్న తెల్లవాళ్లు కూడా ఆ నేలకు అక్కడి పెద్దలకు అద్దె కట్టేవాళ్లు. ఇది వదులుకుంటే ఫాంటేలకు బతుకే లేదు.

అయితే 1806లో యుద్ధం మొదలైంది వ్యాపారం దగ్గర కాదు, ఒక సమాధి దగ్గర. ఇద్దరికీ మధ్యలో అస్సిన్ అనే సీమ ఉంది. అక్కడ ఒక కలవాడు చనిపోతే బంగారంతో పాటు పూడ్చిపెట్టారు. క్వాకు అపుటే అనే పెద్ద తాలూకు మనిషి ఆ సమాధి తవ్వి బంగారం ఎత్తుకుపోయాడు. తగవు అషాంటీ రాజు ఒసేయి బోన్సు దగ్గరికి వెళ్లింది. ఆయన చెప్పిన తీర్పు అపుటేకి నచ్చలేదు. కొట్లాటలు జరిగాయి. రాజీ కోసం రాజు పంపిన దూతలను కూడా చంపేశారు. ఇక నిలవలేక అపుటే, అతనితో పాటు క్వాద్వో టిబు అనే మరో అస్సిన్ పెద్ద, ఫాంటే సీమకు పారిపోయి వచ్చి కాపాడమన్నారు. ఫాంటేలు వాళ్లను అప్పగించలేదు. దీనికి వాళ్లను నేనెప్పటికీ తప్పు పట్టను. శరణన్నవాణ్ణి పట్టిస్తే ఆ ఊరి మాటకు మళ్లీ విలువుంటుందా?

అబోరా దగ్గర ఫాంటేలు ఘోరంగా ఓడిపోయారు. 1807 జూన్‌లో అషాంటీ సైన్యం సముద్రం దాకా వచ్చి అనమాబో ఊరి మీద పడింది. మీ తమ్ముడు చూసిన కేప్ కోస్ట్‌కు తూర్పున, అదే తీరంలో ఉంది ఆ ఊరు. అక్కడ ఇంగ్లీషు వాళ్ల కోట ఒకటి, లోపల కొద్దిమంది సిపాయిలు. ఊళ్లో వాళ్లు వేల మంది చచ్చిపోయారు. పిల్లాపాపలతో కొంతమంది కోటలోకి చేరారు, చాలామంది గోడ కింద గుమిగూడారు. ఆ కొద్దిమంది సిపాయిలే అషాంటీలను గోడ దాటనీయకుండా తుపాకులతో నిలబెట్టారు. అంతవరకూ సబబుగానే ఉంది.

తర్వాత కేప్ కోస్ట్ నుంచి ఇంగ్లీషు గవర్నరు టోరేన్ రాజీకి దిగాడు. టిబు అప్పటికే ముసలివాడు, కళ్లు కనపడవు. నమ్మి ఆశ్రయానికి వచ్చిన ఆ గుడ్డివాణ్ణి టోరేన్ పట్టి అషాంటీలకు అప్పగించాడు, వాళ్లు చంపేశారు. అపుటే మాత్రం తప్పించుకున్నాడు. టోరేన్ అంతటితో ఆగలేదు. కోటను నమ్ముకొని వచ్చిన జనాన్ని రాజుతో చెరిసగం పంచుకొని, తన వాటాకు వచ్చినవాళ్లలో కొందరిని బానిసలుగా అమ్మేశాడు. బానిస వ్యాపారం మానుకోవాలని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది ఆ ఏడు మార్చిలోనే! ద్రోహం అనే మాట ఎవరికైనా వాడాలని మీకుంటే అమ్మా, ఇక్కడ వాడండి.

ప్రశ్న: అనమాబో తర్వాత ఫాంటేల పని అయిపోయిందా? కేప్ కోస్ట్, ఎల్మినా పక్కపక్క ఊళ్లే కదా, రెండూ ఒకే పక్షమా?
– ఒక డిగ్రీ విద్యార్థి, కందుకూరు

జవాబు: అయిపోలేదు బాబూ. మశూచి, రక్త విరేచనాలు పట్టుకొని అషాంటీ సైన్యం వెనక్కి మళ్లింది. 1811లో ఫాంటేలు అకిమ్, అక్వాపిమ్ అనే పొరుగు సీమల వాళ్లను కలుపుకొని మళ్లీ పోరాడారు. ఎల్మినా ఊరివాళ్లు, అక్రాలో ఉండే 'గా' అనే జాతి వాళ్లు అప్పుడు అషాంటీల వైపు. అంటే ఒకే తీరంలో పక్క ఊరే శత్రువు. ఎల్మినాలో కోట డచ్చివాళ్లది, కేప్ కోస్ట్‌లో ఇంగ్లీషు వాళ్లది. ఊళ్ల పాత పగలకు ఈ కోటల పోటీ తోడైంది. 1816కల్లా ఫాంటే సీమ అషాంటీల చేతికి చిక్కింది.

1824లో అషాంటీలు ఇంగ్లీషు గవర్నరు మెకార్తీనే యుద్ధంలో చంపారు. 1826లో అక్రా దగ్గర కటమాన్సో మైదానంలో లెక్క తిరగబడింది. అదే 'గా' జాతి ఈసారి ఫాంటేలు, అకిమ్‌లు, డెంకిరా సీమ వాళ్లు, ఇంగ్లీషు వాళ్లతో కలిసి అషాంటీలను ఓడించింది. ఇంగ్లీషు వాళ్లు అక్కడ కాంగ్రీవ్ రాకెట్లు కాల్చారు. మైసూరు సైన్యం వాడిన రాకెట్లను చూసే వాటిని తయారు చేసుకున్నారు! 1831 ఒడంబడికలో అషాంటీ రాజు 600 ఔన్సుల బంగారం, తన వంశం నుంచి ఇద్దరు కుర్రవాళ్లను పూచీగా పంపించి, ప్రా నదికి దక్షిణాన ఉన్న సీమల మీద హక్కు వదులుకున్నాడు.

నాకు బాగా నచ్చేది మాత్రం 1871. ఫాంటే పెద్దలు, చదువుకున్న కుర్రాళ్లు మాంకెసిమ్ అనే ఊళ్లో కూర్చొని తమ కూటమికి ఒక రాజ్యాంగమే రాసుకున్నారు. రోడ్లు వేయాలి, బడులు పెట్టాలి, ఆడపిల్లలకూ చదువు చెప్పాలి అని అందులో ఉంది. ఇంగ్లీషు వాళ్లకు అది కుట్ర లాగా కనపడింది. నాయకులను అరెస్టు చేశారు. కూటమి రెండేళ్లకే చెదిరిపోయింది.

ప్రశ్న: మా తాత మగ్గం మీద నేసిన రుమాళ్లు ఆఫ్రికాకు పోయేవని ఇంట్లో చెప్పుకుంటాం. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: నిజమే నాయనా. మొన్నటిదాకా మన జిల్లాలోనే ఉన్న చీరాల వైపు నేసిన గళ్ల రుమాళ్లు పశ్చిమ ఆఫ్రికాకు, ముఖ్యంగా నైజీరియాకు వెళ్లేవి. అంతకు చాలా ముందు నుంచే మన కోరమాండల్ తీరపు నూలు బట్టలు ఐరోపా కంపెనీల ఓడల్లో పైన చెప్పిన కోటలకు చేరేవి. అక్కడ వాటిని బంగారానికి మార్చుకునేవాళ్లు, మనుషులకూ మార్చుకునేవాళ్లు. ఈ రెండో సంగతి నేసినవాళ్లకు తెలిసే దారి లేదు. తాతగారి రుమాలు ఇంట్లో ఒక్కటైనా మిగిలి ఉంటే, దాని గళ్లు, రంగులు కనపడేటట్టు ఫొటో తీసి పత్రికకు పంపించండి.