కవర్ రాకపోయినా పుస్తకం పేరు కనపడాలి

ప్రశ్న: అక్కా, మాది బుచ్చిరెడ్డిపాళెం. మా తాత పోయాక ఆయన పుస్తకాలు సుమారు 600 ముందు గదిలో సర్ది, ఊళ్ళో వాళ్ళకు చదువుకోవడానికి ఇస్తున్నాం. ఏ పుస్తకం ఉందో ఫోన్లోనే చూసుకునేలా చిన్న వెబ్‌సైట్ చేశాను. కవర్ బొమ్మలు ఐఎస్‌బీఎన్ (ఒక్కో పుస్తకానికి ఇచ్చే గుర్తింపు) నంబరుతో బయటి సైట్ నుంచి వస్తాయి. సగానికి పైగా రావడం లేదు. కొన్నిచోట్ల విరిగిన బొమ్మ గుర్తు, కొన్నిచోట్ల ఉత్త ఖాళీ. అందరూ సైట్ పాడైందా అని అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది. బొమ్మ లేనిచోట వేరేది చూపించడం ఎట్టా?
— డిగ్రీ విద్యార్థిని

జవాబు: చెల్లీ, ముందు తాతగారి పుస్తకాలు గదిలో మూలబడకుండా ఊరికి పంచుతున్నందుకు నీకు దణ్ణం. నీ సైట్ పాడవలేదు. ఐఎస్‌బీఎన్ పద్ధతి అంతర్జాతీయంగా వచ్చిందే 1970లో. అంతకు ముందు అచ్చయిన తెలుగు పుస్తకాలకు ఆ నంబరే ఉండదు. తర్వాత వచ్చినవాటిలోనూ చాలావాటికి లేదు. నంబరు లేకుండా అడిగితే బయటి సైట్ మాత్రం ఏ కవర్ పంపుతుంది?

విరిగిన గుర్తు వచ్చేచోట పని తేలికే. పేజీలో బొమ్మ పెట్టే ఇమేజ్ ట్యాగ్‌లోనే ఆన్‌ఎర్రర్ అని పెట్టి, బొమ్మ రాకపోతే మన దగ్గరున్న బొమ్మ వేయమని రాయాలి. అయితే దానికి ముందు, అదే వరుసలో, ఆన్‌ఎర్రర్‌ను నల్ (అంటే ఖాళీ) చెయ్యి. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. కావలిలో మా పిన్ని ఉదయగిరి చెక్క గరిటెలు అమ్ముతుంది. ఆమెకు సైట్ చేసినప్పుడు మారు బొమ్మ ఫైలు పేరులో ఒక అక్షరం తప్పు రాశాను. అసలు బొమ్మ లేదు, మారు బొమ్మా లేదు. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ బ్రౌజర్ మళ్ళీ ఆ లేని ఫైలునే అడిగింది, మళ్ళీ ఎర్రర్, మళ్ళీ అడగడం. పేజీ తెరిచి ఉంచినవాళ్ళ డేటా అలా పోతూనే ఉంది. నల్ అన్న ఒక్క మాట ఉంటే మొదటిసారికే ఆగిపోయేది. మారు బొమ్మ ఎప్పుడూ నీ సైట్‌లోనే ఉండాలి. దాన్ని కూడా బయటినుంచి తెస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

ఇది ట్యాగ్‌లోనే రాయమన్నది ఎందుకంటే, పేజీ చివర స్క్రిప్టులో పెడితే అది నడిచేలోపే కొన్ని బొమ్మలు ఫెయిలై ఉంటాయి, ఆ ఎర్రర్లు దానికి అందవు. పిక్చర్ ట్యాగ్‌లో రెండు బొమ్మలు ఇస్తే ఒకటి పోయినా రెండోది వస్తుందని కొందరు అనుకుంటారు. రాదు. అది స్క్రీన్ సైజు, ఫైలు రకం చూసి ఒకటి ఎంచుకుంటుందే తప్ప, బొమ్మ అందిందా లేదా చూడదు.

ఇక ఉత్త ఖాళీ వచ్చేచోటే అసలు చిక్కు. కొన్ని సైట్లు కవర్ లేకపోతే 'లేదు' అనకుండా ఖాళీ బొమ్మ పంపుతాయి. బ్రౌజర్ లెక్కలో బొమ్మ వచ్చేసినట్టే, కాబట్టి ఆన్‌ఎర్రర్ కదలదు. నువ్వు వాడేది ఓపెన్ లైబ్రరీ అనే పుస్తకాల సైట్ అయితే దీనికి వాళ్ళే దారి పెట్టారు: బొమ్మ అడ్రస్ చివర ప్రశ్నార్థకం వేసి 'డిఫాల్ట్ ఈక్వల్స్ ఫాల్స్' అని చేర్చితే, ఖాళీ బొమ్మ బదులు 404, అంటే 'దొరకలేదు' అన్న జవాబు, వస్తుంది. అప్పుడు ఆన్‌ఎర్రర్ పనిచేస్తుంది. అలాంటి వీలు లేని సైట్ అయితే, బొమ్మ వచ్చాక నడిచే ఆన్‌లోడ్‌లో నేచురల్‌విడ్త్, అంటే బొమ్మ అసలు వెడల్పు, ఎంతో చూడు. పది పిక్సెళ్ళ లోపుంటే అది కవర్ కాదు, మార్చెయ్.

మారు బొమ్మగా ఏం పెడతావన్నది నాకు ఇంకా ముఖ్యం. 'చిత్రం లేదు' అనే ఒకే బూడిదరంగు పలక మూడు వందల చోట్ల పెట్టొద్దు. చదవడానికి వచ్చినవాళ్ళకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఏది ఏదో తెలియదు. బొమ్మ రానప్పుడు దాని చోట ఒక రంగు పెట్టె చూపించి, అందులో పుస్తకం పేరు, రచయిత పేరు పెద్ద తెలుగు అక్షరాల్లో రాయి. పాత పుస్తకాలకు అట్ట చిరిగిపోతే మన పెద్దవాళ్ళు బ్రౌన్ పేపర్ వేసి పైన పేరు రాసేవాళ్ళు కదా, అదే పని ఇక్కడ చెయ్యాలి. పెట్టె కొలత కవర్ కొలతే ఉంచితే పేజీ కిందికీ పైకీ గెంతదు. ఇమేజ్ ట్యాగ్‌లో ఆల్ట్ దగ్గర కూడా పుస్తకం పేరు తప్పక రాయి. చూపులేనివాళ్ళకు ఫోన్ చదివి వినిపించేది దాన్నే.

తీరిక దొరికినప్పుడు రోజుకు పది పుస్తకాల అట్టలు కిటికీ వెలుతురులో ఫోన్‌తో ఫొటో తీసి, సైజు తగ్గించి నీ సైట్‌లోనే పెట్టుకో. రెండు నెలల్లో మొత్తం అయిపోతాయి. ఈలోపు మూడు పుస్తకాలతో పరీక్ష చెయ్యి: నంబరు సరిగా ఉన్నది ఒకటి, కావాలనే అడ్రస్ తప్పు రాసింది ఒకటి, ఖాళీ బొమ్మ వచ్చేది ఒకటి. పాత ఫోన్లోనూ తెరిచి చూడు. మూడో దాని మీద కూడా పేరు కనపడితే ఊళ్ళో వాళ్ళకు లింకు పంపొచ్చు.