బయాప్సీ రిపోర్టులో కొల్లాజెన్ అని వస్తే, తాగిన పౌడర్ వల్లేనా?

మోకాళ్ల నొప్పికి మీ నాన్నగారు కొల్లాజెన్ పౌడర్ తాగుతున్నారనీ, ఇప్పుడు ప్రోస్టేట్ బయాప్సీలో క్యాన్సర్‌తో పాటు "కొల్లాజినస్ మైక్రోనాడ్యూల్స్" అని వచ్చిందనీ, ఆ పౌడరే కొంప ముంచిందని ఇంట్లో టెన్షన్ పడుతున్నారనీ రాశారు. ఆ కొల్లాజెన్ వేరు, ఈ కొల్లాజెన్ వేరండీ. తాగిన పౌడర్ అరిగి అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్లుగా విడిపోతుంది. అదే వెళ్లి ప్రోస్టేట్‌లో పేరుకోదు. రిపోర్టులో ఉన్నది అక్కడే తయారైంది.

నేను హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేశాను. రిపోర్టు రాసేది డాక్టరుగారే, ముక్క కోసి రంగు వేసి స్లైడు ఇచ్చేది మేము. మామూలు ప్రోస్టేట్‌కి మాసన్ ట్రైక్రోమ్ అనే రంగు వేస్తే గ్రంథుల మధ్య కండరపు పోగులు ఎర్రగా, వాటి సందుల్లో కొల్లాజెన్ నీలంగా కనిపిస్తాయి. ఒక్కో గ్రంథి చుట్టూ లామినిన్ అనే ప్రోటీన్, నాలుగో రకం కొల్లాజెన్‌లతో అల్లుకున్న పలచటి పొర ఉంటుంది. దాని మీద బేసల్ కణాలు, వాటిపైన పీఎస్ఏ (రక్త పరీక్షలో చూసే ప్రోస్టేట్ ప్రోటీన్) తయారుచేసే కణాలు.

వయసుతో వచ్చే మామూలు పెరుగుదలలో, అంటే బీపీహెచ్‌లో, గ్రంథుల కంటే మధ్యనున్న ఈ కణజాలమే ఎక్కువ పెరుగుతుంది. దానికిచ్చే టామ్‌సులోసిన్ మాత్ర కండరాన్ని వదులు చేస్తుంది, కొల్లాజెన్‌ని ఏమీ చేయదు.

క్యాన్సర్‌లో బేసల్ కణాలు మాయమవుతాయి. అందుకే అనుమానం ఉన్నచోట బేసల్ కణాలను చూపించే పీ63 మార్కర్ వేయమంటారు. వాటి కిందున్న ఆ పలచటి పొర కూడా పోతుందనే చాలామంది అనుకుంటారు. నేనూ అలా పోతుందనే విన్నాను గానీ, చాలా క్యాన్సర్ గ్రంథుల చుట్టూ లామినిన్, నాలుగో రకం కొల్లాజెన్ ఇంకా కనిపిస్తాయి. పోయేవి ముఖ్యంగా బేసల్ కణాలను ఆ పొరకు పట్టి ఉంచే లామినిన్-332, ఏడో రకం కొల్లాజెన్. గ్రంథుల బయట కథ వేరు. టీజీఎఫ్-బీటా లాంటి సంకేతాలతో ఫైబ్రోబ్లాస్టులు (పీచు తయారుచేసే కణాలు) మయోఫైబ్రోబ్లాస్టులుగా, అంటే కండర కణాల్లా ముడుచుకోగల రకంగా మారి ఒకటో రకం కొల్లాజెన్, టెనాసిన్-సి అనే ప్రోటీన్ ఎక్కువగా తయారుచేస్తాయి. గాయం మానేటప్పుడు జరిగేదీ ఇదే, కాకపోతే ఇక్కడ ఆగదు. స్లైడు మీద ఎరుపు తగ్గి నీలం పెరుగుతుంది.

మీ రిపోర్టులోని మైక్రోనాడ్యూల్స్ గ్రంథుల్లో ఊరిన మ్యూసిన్‌లోకి (జిగట పదార్థంలోకి) పీచు కణజాలం పెరగడం వల్ల ఏర్పడే గులాబీరంగు ముద్దలు. కొద్ది క్యాన్సర్లలోనే కనిపిస్తాయి. కనిపిస్తే మాత్రం ఇది క్యాన్సరే అని పాథాలజిస్టు ధైర్యంగా రాయగలరు. వాటి విలువ అంతవరకే. జబ్బు ఎంత దూకుడుగా ఉందో అవి చెప్పవు. దాన్ని అంచనా వేయడానికి గ్లీసన్ స్కోరు, గ్రేడ్ గ్రూప్ చూడాలి. గ్రూప్ 1 నుంచి 5 దాకా ఉంటుంది, గ్రంథుల ఆకారాన్ని బట్టి ఇస్తారు, చుట్టూ ఉన్న కొల్లాజెన్‌ని లెక్కలోకి తీసుకోరు.

డాక్టరుగారిని గ్రేడ్ గ్రూప్ ఎంత, తీసిన ముక్కల్లో ఎన్నింటిలో క్యాన్సర్ ఉంది, ఒక్కోదాంట్లో ఎంత శాతం అని అడగండి. రెండో అభిప్రాయానికి వెళ్తే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లకండి, స్లైడ్లు, పారాఫిన్ బ్లాకులు కూడా ల్యాబ్ నుంచి సంతకం పెట్టి తీసుకోండి. ఎండాకాలమైతే జాగ్రత్త, బ్లాకులు కారు డాష్‌బోర్డు మీద పెడితే మైనం కరుగుతుంది.