రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు ఇటాలోనా, ఫ్రెచ్చారోస్సానా? ముందు స్టేషన్ పేరు చూడండి

అమ్మానాన్నలతో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ తిరగాలి, ప్రైవేటు రైలు ఇటాలో మంచిదా, ప్రభుత్వ సంస్థ ట్రెన్ఇటాలియా నడిపే ఫ్రెచ్చారోస్సా మంచిదా అని అడిగారు. ఏదెక్కినా ఒకటేనండి. రెండూ నడిచేది ఒకే పట్టాల మీద. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు దేంట్లో వెళ్లినా గంటన్నర. 2012లో ఇటాలో వచ్చి పోటీ మొదలయ్యాక బాగుపడింది ప్రయాణికులే. నన్నడిగితే ముందు చూడాల్సింది టికెట్ మీద స్టేషన్ పేరు.

నేను మిలాన్‌లో చదువుకునేటప్పుడు అమ్మానాన్న వచ్చారు. పొద్దున్నే నడిచి వెళ్లి రైలెక్కేయొచ్చని రోమ్‌లో టెర్మినీ స్టేషన్ పక్కనే గది తీసుకున్నాను. టికెట్లు మాత్రం అన్నిటికంటే తక్కువ ధర చూసి కొన్నాను. మనిషికి ఏడెనిమిది యూరోలు మిగిలాయని సంతోషపడ్డాను. తీరా స్టేషన్‌కి వెళ్లి బోర్డు చూస్తే మా రైలు నంబరే లేదు. ఫోన్ తీసి చూసుకుంటే, మా రైలు బయల్దేరేది తిబుర్తినా నుంచి! అది ఊళ్లోనే ఇంకో పెద్ద స్టేషన్, మెట్రోలో నాలుగో స్టాప్. చేతిలో ముప్పై అయిదు నిమిషాలున్నాయి.

మూడు సూట్‌కేసులతో మెట్రో బి లైన్‌కి పరిగెత్తాం. కంగారులో మొదట వచ్చిన రైలెక్కేశాం. అది యోనియో వైపు వెళ్లేది. ఆ లైను బొలోన్యా అనే స్టాప్ దగ్గర రెండుగా చీలుతుంది, తిబుర్తినాకి రెబిబ్బియా వైపు రైలు ఎక్కాలి. బొలోన్యాలో దిగగానే ఆ పేరు చూసి అమ్మ ముఖం పాలిపోయింది. ఫ్లోరెన్స్ తర్వాత వచ్చే ఊరు బొలోన్యా అని ముందు రోజు నేనే చెప్పాను. "దాటొచ్చేశామా నాన్నా?" అని నా చెయ్యి పట్టుకుంది. కాదమ్మా, ఇది రోమ్‌లో ఒక పేట అని చెప్తూనే గడియారం చూసుకుంటున్నాను. మేం తిబుర్తినాలో మెట్లెక్కేసరికి రైలు వెళ్లిపోయింది.

చవక టికెట్ కాబట్టి ఒక్క యూరో కూడా వెనక్కి రాలేదు. ముగ్గురికీ మళ్లీ అప్పటి ధరకే కొన్నాను. నాన్న మన రైళ్లలో బెర్తు కింద సామాను కట్టే గొలుసూ తాళం వెంట తెచ్చుకున్నారు. ప్లాట్‌ఫాం మీద మూడు పెట్టెలూ కలిపి కట్టి, పక్కనే కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. ఆయన టిఫిన్ చేసి బీపీ మాత్ర వేసుకునే టైమ్ దాటిపోయింది. అమ్మ సున్నుండల డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది. తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

వీడియోలు చేసేవాళ్లు సీటు మెత్తదనం, వైఫై, కాఫీ గురించి పావుగంట చెప్తారు. గంటన్నర ప్రయాణానికి ఆ సీటుతో ఏం పని? పెద్దవాళ్లతో వచ్చేవాడికి ఏ స్టేషన్‌కి వెళ్లాలో ఒక్కరూ చెప్పరు. బోర్డు మీద పెద్దగా కనిపించేది రైలు చివరి ఊరి పేరేననీ చెప్పరు. ఫ్లోరెన్స్ అని వెతికితే దొరకదు. మిలానో, తొరినో, వెనెత్సియా అని ఉంటుంది, రైలు నంబరు సరిచూసుకోవాలి.

కాబట్టి రెండు యాప్‌లూ తెరిచి, పెద్దవాళ్ల టిఫిన్, మాత్రలు అయ్యేలా పొద్దున పది దాటాక టెర్మినీ నుంచి బయల్దేరేది ఏదుంటే అదే తీసుకోండి. కొంచెం ఎక్కువైనా తేదీ, టైమ్ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి. ట్రెన్ఇటాలియాలో దాన్ని బాజె అంటారు, ఇటాలోలో ఫ్లెక్స్. పీసా కూడా చూస్తామంటే ఫ్లోరెన్స్ నుంచి ట్రెన్ఇటాలియా రీజినల్ రైలుంది. దాని ధర ఎప్పుడు కొన్నా ఒకటే, ముందే కొనాలన్న టెన్షన్ లేదు.

వెనిస్‌కి మాత్రం మెస్త్రేకి కాకుండా సాంతా లుచియా స్టేషన్‌కే కొనండి. మెస్త్రే స్టేషన్ నీళ్లకు ఇవతలి ఒడ్డునే ఉంది, మనం చూడాలనుకునే వెనిస్ అవతల ఉంది. సాంతా లుచియాలో బయటికి రాగానే మెట్ల కింద పెద్ద కాలువ, పడవలు. మా అమ్మ ఆ మెట్ల మీదే అరగంట కూర్చుంది.