పాలు పడని బిడ్డ తల్లికి

అమ్మాయీ,

"పెద్దమ్మా, పాలు పడవన్నారు, ఇక దీనికి ఏమి పెట్టి పెంచను?" అని నిన్న నువ్వు అడుగుతుంటే, ఆరేళ్ల క్రితం నా కూతురు ఏడ్చిన ఏడుపే గుర్తుకొచ్చింది. ఫోనులో సగం చెప్పాను, సగం మరిచాను. అందుకే ఈ ఉత్తరం.

పొద్దున పాలు, మధ్యాహ్నం నెయ్యి వేసిన పప్పన్నం, రాత్రి పెరుగన్నం. మన ఇళ్లలో పసిపిల్లల రోజంతా ఈ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. అవి వద్దనగానే అదే గ్లాసులో పోయడానికి ఇంకేదైనా తెల్లగా దొరుకుతుందా అని వెతుకుతాం. తెల్లనివన్నీ పాలు కావని చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్నే, అయినా నేనూ అలాగే వెతికాను.

అప్పుడు మా మనవడికి పదమూడో నెల. మేకపాలు తేలిక, పసివాళ్లకు మంచివని ఎవరో చెబితే నేనే తెప్పించాను. రెండు చెంచాలు పట్టానో లేదో, పది నిమిషాల్లో వాడి పై పెదవి ఉబ్బింది, మెడ చుట్టూ దద్దుర్లు లేచాయి. ఆటోలో ఆసుపత్రికి చేరేదాకా వాడి ఊపిరి వింటూనే కూర్చున్నాను. ఆవు పాలు పడని పిల్లల్లో పదిమందిలో తొమ్మిది మందికి పైగా మేకపాలు కూడా పడవని అక్కడ డాక్టరు చెప్పారు. రెండింటిలోని ప్రొటీన్లు అంత దగ్గరగా ఉంటాయట. గేదె పాల సంగతీ అంతే. కాబట్టి ఎవరు ఎంత ప్రేమగా చెప్పినా మేకపాలు మాత్రం వద్దు.

లాక్టోజ్ లేని పాలంటూ డబ్బాలు వస్తున్నాయి. అవి పాలలోని చక్కెర అరగని వాళ్లకు పనికొస్తాయి. నీ పిల్లకు పడనిది ప్రొటీను, అది ఆ డబ్బాలో అలాగే ఉంటుంది.

ఇంకా నీ పాలు తాగుతోందన్నావు. మానిపించకు, అంతకంటే మంచిది ఏదీ లేదు. నువ్వు పాల పదార్థాలు మానాలో అక్కర్లేదో డాక్టరును అడుగు. మానమంటే నీకు కాల్షియం మాత్రలు కావాలేమో కూడా అప్పుడే అడుగు. తల్లులు తమ సంగతి అడగడం మరిచిపోతారు.

ఇక దుకాణంలో దొరికేవి. పిల్ల ఏడాది దాటింది కాబట్టే వీటి గురించి రాస్తున్నాను. ఏడాది లోపు బిడ్డకు తల్లిపాలు, లేకపోతే డాక్టరు రాసిచ్చే ప్రత్యేకమైన డబ్బా పాలు తప్ప ఇవేవీ పాలకు బదులుగా పనికిరావు. ఏడాది దాటాక కూడా కొందరికి ఆ డబ్బా పాలే కొనసాగించమంటారు. అలా చెబితే అదే చెయ్యి.

మేకపాల తర్వాత మేము బాదం పాలు పట్టుకున్నాం. ఖరీదైనవి, బాదం అంటే బలం అనే నమ్మకం ఒకటి. నాలుగు నెలలు శ్రద్ధగా పట్టాం. బరువు చూసిన రోజు డాక్టరు ఎదుగుదల పట్టిక మీద వేలు పెట్టి చూపించారు. పైకి ఎక్కాల్సిన గీత చదునుగా పడుకుని ఉంది. గ్లాసుడు ఆవు పాలలో 8 గ్రాముల ప్రొటీన్లు ఉంటే, దుకాణంలో దొరికే బాదం పాలలో ఉండేది ఒక గ్రాము. మిగతాది చాలా వరకు నీళ్లే. ఓట్స్ పాలలో రెండు మూడు గ్రాములు ఉంటాయి. కొబ్బరి పాలలో కొవ్వే తప్ప ప్రొటీను దాదాపు ఉండదు. బియ్యం పాలలో ఆర్సెనిక్ అనే విషపదార్థం ఉండవచ్చని బ్రిటన్‌లో ఐదేళ్ల లోపు పిల్లలకు అసలు ఇవ్వవద్దంటారు. పాలకు దగ్గరగా వచ్చేది సోయా ఒక్కటే, గ్లాసుకు ఏడు గ్రాముల వరకూ ఉంటుంది. అయితే పాలు పడని పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. డాక్టరును అడిగాకే మొదలుపెట్టు. మొదటిసారి పొద్దున పూట, ఒక్క చెంచా, ఆ రోజు ఇంకే కొత్త వస్తువూ పెట్టకుండా.

ప్యాకెట్ ముందు వైపు బొమ్మలు చూడకు, వెనక్కి తిప్పు. వంద మిల్లీలీటర్లకు కాల్షియం 120 మిల్లీగ్రాముల దాకా కలిపి ఉండాలి, డి, బి12 విటమిన్లు కలిపి ఉండాలి, చక్కెర ఉండకూడదు. పోసే ముందు బాగా కుదుపు. కలిపిన కాల్షియం అడుగున పేరుకుంటుంది, కుదపకపోతే అది డబ్బాతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. ఇంట్లో తీసిన సోయా పాలలో ఈ కాల్షియం ఉండదని కూడా గుర్తుంచుకో.

ఈ ప్యాకెట్ల మీద పాలు అనే మాట కనబడక తికమక పడకు. మొక్కల నుంచి తీసినవాటికి ఆ పేరు వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం, అందుకే పానీయం అని రాస్తారు. అన్నిటికంటే ముఖ్యం, ఆకుపచ్చ చుక్కను నమ్మవద్దు. అది శాకాహారమని మాత్రమే చెబుతుంది, పాలు లేవని చెప్పదు. కేసీన్, వే (రెండూ పాల ప్రొటీన్ల పేర్లే), పాల ఘనపదార్థాలు అన్న మాటలు కనబడితే అక్కడే వదిలేయ్. బిస్కట్లలో, బ్రెడ్డులో, మాల్టు పొడుల్లో ఇవి దాక్కుని ఉంటాయి.

ఈ వయసు పిల్లకు రోజుకు 500 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. రెండు చిన్న గ్లాసుల సోయా, అంటే 300 మిల్లీలీటర్లు ఇస్తే 360 వచ్చినట్టే. ఇరవై గ్రాముల రాగి పిండితో జావ కాస్తే మరో డెబ్బై. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన పిండి అయితే ఇంకా బాగా ఒంటపడుతుంది. మిగిలింది పప్పులో గుప్పెడు మునగాకు, అన్నంలో చెంచాడు నువ్వుల పొడి చూసుకుంటాయి. నువ్వులు కూడా కొందరికి పడవు, వాటినీ కొద్దికొద్దిగానే మొదలుపెట్టు. నెయ్యి పోయింది కాబట్టి ముద్దలో వేరుశనగ నూనె గానీ నువ్వుల నూనె గానీ వెయ్యి. రెండేళ్ల లోపు పిల్లలకు కొవ్వు తగ్గకూడదు. అవి రెండూ ముందు పడతాయని తెలిశాకే. మీ ఇంట్లో గుడ్డు కూడా తినరు కదా, పాలు, పెరుగు ఆగిపోతే బి12 వచ్చే దారి చాలా వరకు మూసుకుపోతుంది. చుక్కల మందు కావాలేమో ఈసారి వెళ్లినప్పుడు తప్పకుండా అడుగు.

నిజమైన కష్టం వంటింట్లో ఉండదు. గుడిలో చక్కెర పొంగలి, పక్కింట్లో పుట్టినరోజు కేకు, "కాస్త పెరుగుకే ఏమవుతుంది" అనే ముసలివాళ్లు, నాలాంటివాళ్లే. మీ అత్తగారితో నువ్వు వాదించవద్దు, ఆవిడను డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లు. మా వియ్యపురాలు అలా విన్నాకే పెరుగు గరిటె పప్పులో పెట్టడం మానింది. పెదవులు ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా, ఊపిరి పీల్చడం కష్టమైనా ఎవరి సలహా కోసమూ ఆగకు, వెంటనే 108కి ఫోను చెయ్యి.

చాలామంది పిల్లలకు మూడు నుంచి ఐదేళ్ల మధ్య ఇది తగ్గిపోతుంది. మావాడికి నాలుగో ఏట ఆసుపత్రిలోనే, డాక్టరు కళ్లెదుట, పాలు కలిపి కాల్చిన బిస్కట్ ముక్కతో మొదలుపెట్టారు. మొన్న సంక్రాంతికి వచ్చి గిన్నెడు పెరుగన్నం తిన్నాడు. నువ్వు మాత్రం ఇంట్లో సొంతంగా ఆ పరీక్ష పెట్టకు.

ఇప్పుడు నీ దగ్గరున్న సోయా డబ్బా వెనక వైపు ఫోటో తీసి ఈ రాత్రికి పంపు. నేను కళ్లజోడు పెట్టుకుని చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ